మంజీర పుట్టిలో మేం కొత్త అల్లుళ్ళం

నాకు కాలు ఒక చోట నిలవదు. చిన్నప్పట్నుంచీ అంతే. అలాంటిదాన్ని తీసుకొచ్చి మాదాపూర్‌లో ఓ అద్దాల మేడలో, ఏసీ గదిలో కూర్చోబెట్టి, ఎవరో ఎప్పుడో రాసి పారేసిన ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఎక్కడెక్కడ పెట్టారో వెతకమన్నారు. రెండు వేల సంవత్సరం వచ్చేలోపు లోకంలోని కంప్యూటర్లన్నిటినీ మేమే కాపాడాలట! పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. కిటికీలోంచి చూస్తే చుట్టూ బండలు పేలుస్తుంటారు, పునాదులు తవ్వుతుంటారు, పేలుడు మోగినప్పుడల్లా నా టీ కప్పు గలగలమంటుంది. చలికాలం వచ్చేసరికి నాకు ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టు ఉండేది. మా ఆయన మురళితో అయినదానికీ కానిదానికీ పోట్లాటే. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం. వేళకి ఇంటికొచ్చి, కొండాపూర్‌లో మా అద్దె వాటా వరండాలో కూర్చుని పేపరు చదువుకునే మనిషి. ఆ నెమ్మది చూస్తే నాకు ఇంకా మండుకొచ్చేది.

మా ఆఫీసు ఆడవాళ్ళని సాయంత్రాలు ఇళ్ళ దగ్గర దింపే మారుతీ వ్యాను యాదగిరిది. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనకాల ఉంటాడు. వ్యానులో నేను కిటికీ తీస్తూ, మూస్తూ, సీటు మారుతూ ఉంటే ఓ రోజు అద్దంలోంచి చూసి నవ్వాడు. "ఏంది మేడం, గంత పరేషాన్ ఉన్నరు? సంగారెడ్డి అవతల మా అక్క అత్తగారి ఊరున్నది, మంజీర ఒడ్డు మీదనే. ఆదివారం సార్‌ని తీస్కొని రాండ్రి. పొద్దుగాల పుట్టిల తిప్పిస్త. దిల్ ఖుష్ అయితది." బండి కిరాయి మూడు వందలు, పెట్రోలు మాది అని మాట్లాడుకున్నాం. అంత చవగ్గా ఎందుకొప్పుకున్నాడో అప్పుడే అనుమానం రావాల్సింది. ఎక్కడికైనా సరే పోవాలన్న తొందరలో నేనేమీ అడగలేదు.

ఆదివారం తెల్లవారకముందే బయల్దేరాం. దారి చాలా సులువు. హఫీజ్‌పేట్ మీదుగా మియాపూర్ దగ్గర బొంబాయి హైవే ఎక్కితే ఇక తిన్నగా రామచంద్రాపురం, పటాన్‌చెరు. ఆ వేళప్పుడు లారీలు తప్ప ఏమీ ఉండవు, అవే చాలు గుండె ఆగడానికి. పటాన్‌చెరు దాటి ఓ బండి దగ్గర ఆగి టీ తాగాం. టీ రెండు రూపాయలు, అల్లం దంచి వేశాడు, బాగుంది. ఇడ్లీ మాత్రం అక్కడ తినకండి, సంగారెడ్డి చౌరస్తా దాకా ఓపిక పట్టండి. అక్కడ ప్లేటు ఆరు రూపాయలకి వేడివేడిగా, పల్లీల చట్నీతో పెడతారు. పటాన్‌చెరు దాటాక నా పేజరుకి సిగ్నలు పోయింది. పోతే పోయిందని ఊరుకోవచ్చు కదా? లేదు. సంచీలోంచి తియ్యడం, చూడటం, మళ్ళీ లోపల పెట్టడం. మురళి చూసి చూసి, "దాన్ని ఇలా ఇవ్వు పద్మా, నదిలో పారేస్తాను" అన్నారు. ఇవ్వలేదు.

సంగారెడ్డి నుంచి జోగిపేట రోడ్డు పట్టుకుని, మంజీర వంతెన రాకముందే ఎడమకి మట్టిదారిలోకి తిరగాలి. ఇంకాస్త కింద అడవిశాఖ వాళ్ళ అభయారణ్యం ఉంది, అటు పుట్టిలు వెయ్యనివ్వరు. కాబట్టి వంతెన దగ్గర టీకొట్లో అడిగి సరైన దారి పట్టుకోండి. మంజీరని చిన్న నది అనుకునేరు. బీదరు కోట పాలించినవాళ్ళూ, గోల్కొండ పాలించినవాళ్ళూ ఈ నీళ్ళు దాటినవాళ్ళే. మన ఇళ్ళలో కుళాయి తిప్పితే వచ్చేదీ ఇదే. "ఎంత తిరిగినా చివరికి మా గోదావరిలో కలవాల్సిందే కదండీ" అని యాదగిరితో గొప్పలు పోతున్నారు మురళి. ఆయనది నర్సాపురం దగ్గర పల్లెటూరు. నీళ్ళు కనిపిస్తే చాలు, ఆ ఊరు ప్రస్తావన రాకుండా ఉండదు.

మేం చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. చలి అని పేరేగానీ, స్వెటర్ తీసేసి భుజాన వేసుకున్నాను. నీళ్ళ మీద పల్చగా పొగమంచు, అవతల ఓ ఇసుక దిబ్బ, దాని మీద ఏవో బూడిదరంగు పెద్ద బాతులు. ఒడ్డున నాలుగైదు పుట్టిలు బోర్లించి ఉన్నాయి. పుట్టి ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను: వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. అడుగున పట్టా కట్టి తారు పూస్తారు. ముందూ వెనకా ఉండవు. నడిపేవాళ్ళు ఒక అంచున మోకాళ్ళ మీద కూర్చుని, ఒకే తెడ్డుతో నీటిని తమవైపు లాక్కుంటూ పోతారు. కూర్చున్నవాళ్ళు కాస్త అటూ ఇటూ మెదిలినా బొంగరంలా తిరుగుతుంది.

తిప్పడానికి పిలిచాడు కదా, ఏ ముసలాయనో తెడ్డు పట్టుకుని ఉంటాడనుకున్నాను. తీరా చూస్తే ఒడ్డున పాతికమంది మగవాళ్ళు గుమిగూడి ఉన్నారు. వాళ్ళకి ఎడంగా, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి చెక్కుకుని ఒకావిడ. ముప్పై ఏళ్ళుంటాయేమో. "మా అక్క అనసూయ" అన్నాడు యాదగిరి. ఆవిడ దండం పెట్టి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "పక్కానా? ఎన్నడూ పుట్టి ఎక్కలే గద మీరు?" అని అడిగింది. ఇదేం ప్రశ్న?

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అనసూయ భర్త రెండేళ్ళ కిందట పచ్చకామెర్లతో పోయాడు. చేపల సంఘంలో అతని సభ్యత్వం ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచారు. అది ఉంటేనే నదిలో వల వెయ్యొచ్చు. లేకపోతే వేరేవాళ్ళు పట్టిన చేపలు కొని, బుట్టలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకోవాల్సిందే. అనసూయ రెండేళ్ళుగా చేస్తున్నది అదే. ఆ సభ్యత్వం నాకివ్వండి, నేనే నదిలోకి పోతాను అని అడిగింది. ఆ ఊళ్ళో అప్పటిదాకా ఏ ఆడదీ అడగలేదు. అసలు ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పుట్టి ఎక్కరు. ఒడ్డున నిలబడి చేపలు అందుకోవడం, అమ్ముకురావడం, అంతే వాళ్ళ వంతు. కాదని తోసెయ్యలేక, సంఘం పెద్ద మల్లేశం, మగపిల్లలకి పెట్టే పరీక్షలే నీకూ అన్నాడట. వల విసరడం, ఈత ముందురోజే అయిపోయాయి. పుట్టింటి చెరువులో తమ్ముడితో పాటు నేర్చుకున్న మనిషి, రెండూ నెగ్గింది. మిగిలింది పుట్టి.

ఆ పరీక్ష ఎలాగంటే, పుట్టి ఎన్నడూ ఎక్కని ఇద్దరిని కూర్చోబెట్టుకుని, అవతలి దిబ్బ తాకి వెనక్కి రావాలి. ఎక్కినవాళ్ళ బట్టలు తడవకూడదు, వాళ్ళు చెయ్యి సాయం చెయ్యకూడదు. "ఎరికున్నోళ్ళు కూసుంటే బరువు ఆళ్ళే సర్దుకుంటరమ్మా. నడిపేటోళ్ళ సత్తువ మనకెట్ల తెలుస్తది?" అన్నాడు మల్లేశం. అందుకని ఎప్పుడూ నీళ్ళు లేని ఊళ్ళ నుంచి వచ్చిన కొత్త అల్లుళ్ళని కూర్చోబెడతారట. పెళ్ళిళ్ళ రోజుల్లో ఊరంతా ఒడ్డుకొచ్చి, అల్లుళ్ళు భయంతో అరుస్తుంటే పడీ పడీ నవ్వుకుంటారట. కానీ అనసూయ పుట్టిలోకి తమ అల్లుణ్ణి పంపడానికి ఒక్క ఇల్లూ ఒప్పుకోలేదు. ఈ నెల దాటితే సభ్యత్వం వేరేవాళ్ళకి పోతుంది. అదీ, యాదగిరి మా మీద చూపించిన ప్రేమ.

"ముందే చెప్పి చావొచ్చు కదయ్యా!" అని అరిచాను. వాడు తల గోక్కుంటూ, "చెప్తే రాకపోదురు మేడం" అన్నాడు. నిజమే, వచ్చేదాన్ని కాదు. కోపం ఎంతొచ్చిందంటే అక్కణ్ణుంచే వెనక్కి తిరిగిపోదామనిపించింది. అనసూయ మాత్రం బతిమాలలేదు. తెడ్డు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. ఆ తెడ్డు పిడి మీద ఆవిడ వేళ్ళు ఎంత గట్టిగా బిగుసుకున్నాయో చూశాక నాకు వెళ్ళబుద్ధి కాలేదు. "మొసళ్ళున్నాయా?" అని మాత్రం అడిగాను. "ఉన్నయి గానీ ఫికర్ చెయ్యకుండ్రి అక్కా. చలికాలం ఎండకు పండుకుంటయి, మన జోలికి రావు" అంది.

ఒడ్డున ఓ పక్కగా, మాకు వీపు పెట్టి ఓ ముసలావిడ ఎండుచేపలు ఏరుతోంది. అనసూయ అత్త రాజవ్వ. కోడలు పుట్టి ఎక్కుతానన్నప్పట్నుంచీ ఇంట్లో సరిగ్గా మాట్లాడటం మానేసిందని యాదగిరి గుసగుసగా చెప్పాడు. మేం ఎక్కుతున్నప్పుడు కూడా ఆవిడ ఇటు తిరగలేదు.

పుట్టి అడుగున బాసింపట్టు వేసుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. అనసూయ రెండు తెడ్లు వేసేసరికి ఒడ్డు దూరం జరిగిపోయింది. మోటారు లేదు, చప్పుడు లేదు, తెడ్డు నీళ్ళలో మునిగే మెత్తటి శబ్దం తప్ప. నీళ్ళు మన మోచేతికి అందేంత దగ్గరగా, గోరువెచ్చటి ఎండ మొహం మీద. ఎంతో బాగుండాల్సిన ఉదయం. కానీ ఒకరి బతుకు నేను కదలకుండా కూర్చోవడం మీద ఆధారపడిందని తెలిస్తే కుదురుగా కూర్చోవడం ఎంత కష్టమో నన్నడగండి! ముక్కు దురద పెట్టింది. కాలు తిమ్మిరెక్కింది. వీపు మీద ఏదో పాకినట్టుంది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. దిబ్బ తాకాం. బాతులు ఒక్కసారిగా లేచి గోలగోలగా ఎగిరిపోయాయి. ఒడ్డున మల్లేశం చెయ్యెత్తాడు, చూశానన్నట్టు.

వెనక్కి వచ్చేటప్పుడు నడిమధ్యలో గాలి లేచింది. పుట్టి ఓ చుట్టు తిరిగింది. నా తిమ్మిరెక్కిన కాలు దానంతటదే చాచుకుంది, ఇంకో చుట్టు తిరిగింది. "కదలకుండ్రి అక్కా, నేను చూస్కుంట" అంది అనసూయ, గొంతులో తొణుకు లేకుండా. నిజంగానే చూసుకుంటోంది కూడా. అప్పుడే మా మహానుభావుడికి గోదావరి పూనింది. పుట్టిలో లోతు తక్కువ చోట్ల నెట్టడానికి ఓ వెదురు గడ పడేసి ఉంటుంది. "ఉండమ్మా, మాది గోదావరి" అంటూ దాన్ని అందుకుని నీళ్ళలో పొడిచారు. సాయం చెయ్యకూడదన్న మాట ఆయన చెవిన పడింది, బుర్రలోకి ఎక్కలేదు. గడ ఇసుకలో దిగబడిపోయింది, పుట్టి ముందుకి పోయింది, ఆయన దాన్ని వదలక వెనక్కి ఒరిగారు. అనసూయ ఒక చేత్తో ఆయన చొక్కా పట్టి లాగి, ఇంకో చేత్తో తెడ్డు వేసి నిలబెట్టింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ముగ్గురం మొసళ్ళ పాలే.

ఒడ్డు నుంచి కేకలు వినిపించాయి. "గడ పట్టిండు! సారు గడ పట్టిండు!"

దిగగానే మల్లేశం తల అడ్డంగా ఊపాడు. కోపంగా కూడా కాదు, బాధగానే. "ఏం చేస్తం అనసూయా. కట్టుబాటు కట్టుబాటే. మొగపిల్లలకైనా గిట్లనే అంటం. ఈసారికి ఇంతే." మురళి మొహం పాలిపోయింది. "నా వల్ల పొరపాటు జరిగిందండీ, ఆవిడ తప్పేమీ లేదండీ" అని అందరి దగ్గరికీ వెళ్ళి చెప్పుకుంటున్నారు. ఎవరు వింటారు? "ఏం కాలే సార్" అంది అనసూయ. ఆ మాట విన్నాక నాకు ఏడుపొచ్చింది. రెండేళ్ళు బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగిన మనిషి, వలలో నెగ్గి, ఈతలో నెగ్గి, చివరికి మా ఆయన గోదావరి గొప్పకి ఓడిపోయింది. ఆయన్ని అక్కడే నీళ్ళలోకి తోసెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు.

అనసూయ తెడ్డు మాత్రం వదల్లేదు. "మల్లన్నా, పొద్దు ఇంకా ఎక్కలే. మళ్ళొక్కసారి తీస్కపోత. అక్క ఉన్నది గద, ఆమె ఏం ముట్టలే."

"ఆమె సరే. రెండో మనిషేడి? సారు ఇగ పనికిరాడు. ఈడున్నోళ్ళందరం పుట్టిల పెరిగినోళ్ళమే. నీ తమ్ముడు సుత అంతే."

యాదగిరి తాళాలు తీసి, "సంగారెడ్డి పొయ్యి ఎవర్నన్న పట్కొస్త, జర ఆగుండ్రి" అన్నాడు. ఆగేదెక్కడ, రాత్రి వేసిన వలలు ఎత్తాలి, పొద్దెక్కితే చేప పాడవుతుంది. మగవాళ్ళు ఒక్కొక్కరే పుట్టిలు నీళ్ళలోకి దొర్లించడం మొదలుపెట్టారు. నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. ఏం చెయ్యాలో తోచదు, ఊరుకోలేను.

"పుట్టి ఎక్కనోళ్ళు కావాలె, గంతేనా?"

గొంతు రాజవ్వది. చేపల బుట్ట పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంటూ లేచింది. అందరూ ఆగిపోయారు.

"వదినా, నువ్వా?" అన్నాడు మల్లేశం. "మన ఆడోళ్ళు ఎక్కరు గద..."

"ఎక్కరు గదా, మరి నేను సుత ఎన్నడూ ఎక్కనట్టే గద? నీకు కావాల్సిందీ గదే గద? యాభై ఏండ్ల సంది ఈ ఒడ్డు మీదనే నిలబడ్డ. మొగడు పోయిండు, కొడుకు పోయిండు. ఒక్కనాడన్న ఎవడన్న అడిగిండా, వస్తవా అని?"

మల్లేశం నీళ్ళకేసి చూశాడు, గడ్డం గోక్కున్నాడు. తర్వాత తనే పోయి పుట్టి అంచు కదలకుండా పట్టుకున్నాడు. రాజవ్వ చెప్పులు విడిచి, నీళ్ళు కళ్ళకద్దుకుని, ఓ కాలు లోపల పెట్టింది. పుట్టి ఊగేసరికి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అంత కోపం, అంత గొంతు, లోపల ఇంత భయం! నేను ఆవిడ పక్కనే ఇరుక్కుని కూర్చున్నాను.

పుట్టి మళ్ళీ కదిలింది. అనసూయ అత్త మొహంలోకి చూడలేదు, నీళ్ళకేసే చూస్తూ తెడ్డు వేసింది. నా కాలు మళ్ళీ తిమ్మిరెక్కింది, కదపలేదు. కదిపితే ముసలావిడ వేళ్ళు ఇంకా బిగుసుకుంటాయి, అంతే నా ఆలోచన. దిబ్బ తాకి వెనక్కి తిరిగాక, రాజవ్వ మెల్లగా తలెత్తి ఒడ్డుకేసి చూసింది. చాలాసేపు చూసింది.

"మన ఊరు గింతేనా?" అంది. "ఎన్నడూ ఇట్ల చూళ్ళే పిల్లా. మన ఇల్లేది?"

"ఆ యాప చెట్టు పక్కన తెల్లగోడ, అది మనదే అత్తా" అంది అనసూయ. అంతసేపట్లో గొంతు తొణికింది అప్పుడే.

గాలి మళ్ళీ లేచింది, పుట్టి ఓ చుట్టు తిరిగింది. అనసూయ నిలబెట్టింది. ఒడ్డు చేరాక మల్లేశం వంగి ముందు నా చీర అంచు తడిమాడు, తర్వాత రాజవ్వ చీర. పొడిగానే ఉన్నాయి. నిలబడి, అందరికీ వినిపించేలా చెప్పాడు: "రేపటి సంది అనసూయ పట్టిన చేప సంఘం తూకంల పడతది." అంటే సభ్యత్వం ఇచ్చినట్టే. మగవాళ్ళలో ఒకరిద్దరు గొణిగారు. ఒకాయన పైకే నవ్వాడు, మంచి నవ్వే. యాదగిరి కళ్ళు తుడుచుకుంటూ వ్యాను దగ్గరికి పోయాడు. నేను దిగాను, కాలు మొద్దుబారి కింద పడబోతే మురళి పట్టుకున్నారు. రాజవ్వ మాత్రం దిగలేదు.

"దిగు అత్తా" అంది అనసూయ.

"ఆగు. ఇంకొక్క సుట్టు తిప్పవే" అంది రాజవ్వ.

తిప్పింది. మేం ఒడ్డున కూర్చుని, వాళ్ళింట్లో వండి తెచ్చిన జొన్నరొట్టె, కారం కారంగా చేపల పులుసు తింటూ చూశాం. రెండు చుట్లయ్యాయి, మూడయ్యాయి. మధ్యాహ్నానికి బయల్దేరి ఎండ తగ్గకముందే కొండాపూర్ చేరాం. పుట్టికి మనిషికి ఇరవై చొప్పున ఇవ్వబోతే, "అల్లుళ్ళ దగ్గర పైసలు తీస్కోం" అంది అనసూయ. మీ దగ్గర తీసుకుంటుంది, ఇవ్వండి.

నా కాలు ఇప్పటికీ నిలవదు, ఈ ఒక్క ఉదయంతో మారిపోయానని అబద్ధం చెప్పను. సోమవారం మళ్ళీ అవే రెండంకెలు, అవే పేలుళ్ళు, అదే చిరాకు. అయితే ఇన్నాళ్ళూ నా చిరాకుకి కారణం ఒకచోట కూర్చోబెట్టడమే అనుకునేదాన్ని. యాభై ఏళ్ళు ఒకచోట నిలబడ్డ మనిషిని చూశాక అలా అనుకోవడానికి సిగ్గేసింది. రమ్మని అడిగేవాళ్ళు నాకున్నారు, పోవాలంటే పోగలను, బండి మాట్లాడుకోగలను. వరండాలో పేపరు చదువుకునే మనిషిని ఆ సాయంత్రం నేనే అడిగాను, వచ్చే ఆదివారం ఎక్కడికైనా వస్తారా అని. ఆయన పేపరు మడిచి పెట్టి, వస్తానన్నారు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: పాత ముదురు రంగు బట్టలు కట్టుకుని, కింద పరుచుకోవడానికి ఓ దళసరి దుప్పటి తీసుకెళ్ళండి. ఎండెక్కితే పుట్టి తారు మెత్తబడి అంటుకుంటుంది, కిరసనాయిలుతో రుద్దినా పోదు. వంతెన దగ్గర టీకొట్లో అనసూయ పుట్టి ఎక్కడని అడిగితే చూపిస్తారు. కాస్త పెందలాడే వెళ్ళండి. ఆలస్యమైతే పుట్టిలో అప్పటికే రాజవ్వ కూర్చుని ఉంటుంది, ఆవిడ ఒక పట్టాన దిగదు.